ల్యాబ్ బీరువాలో దాచిన వాచీలు

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకుడు, పేరు వేయవద్దన్న విన్నపంతో, ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 37 ఏళ్లు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా పని చేస్తున్నారు. కోతలన్నీ పోగా చేతికి వచ్చే జీతం 46,000 రూపాయలు. ఇంటి అద్దె 8,000, స్థలం కోసం తీసుకున్న అప్పు వాయిదా 12,500, చీటీ 5,000, నాలుగో తరగతి చదువుతున్న పాప బడి ఖర్చు నెలకు 3,500 పోగా ఉన్నదానితో ఇల్లు గడుస్తుంది. నెలాఖరుకు నాలుగు వేలు మిగిలితే మిగిలినట్టు. ఆయన భార్య ఇంట్లోనే జాకెట్లు కుట్టి నెలకు ఏడెనిమిది వేలు సంపాదిస్తారు.

మూడేళ్ల కిందట ఒక గృహప్రవేశంలో, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తోడల్లుడి చేతికున్న, ఖరీదైన స్విస్ కంపెనీ ఒమేగా వాచీని బంధువులు అడిగి మరీ చూశారట. ఆ రాత్రే వాచీల గురించి చదవడం మొదలుపెట్టానని రాశారు. ఇప్పటికి ఆయన దగ్గర ఏడు వాచీలున్నాయి: పెళ్లికి అత్తవారు పెట్టిన టైటాన్, 9,500 పెట్టి కొన్న క్యాసియో జీ-షాక్, బట్టల కంపెనీల పేర్లతో వచ్చే వాచీలు రెండు (13,000, 11,500), ఆన్‌లైన్‌లో 4,500కు కొన్న పాత హెచ్.ఎం.టి. పైలట్, 27,000కు సీకో 5 స్పోర్ట్స్ ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా చేతి కదలికతో నడిచేది), 46,000కు టిస్సో క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్ (బ్యాటరీతో నడిచే, స్టాప్‌వాచ్ ఉన్న వాచీ). ఆర్టీసీలో కండక్టరుగా పని చేసిన వాళ్ల నాన్నగారు జీవితాంతం పెట్టుకున్నది పైలట్ కాబట్టి ఆ మోడలే వెతికి కొన్నారు. నాన్నగారి వాచీ మాత్రం అన్నగారింట్లో సొరుగులో పడి ఉందట.

చిక్కు టిస్సో దగ్గర వచ్చింది. రెండు లక్షల చీటీ పాడుకుంటే చేతికి 1,68,000 వచ్చింది. పాట ఎక్కువకు పోయిందనీ, వచ్చింది 1,40,000 మాత్రమేననీ ఇంట్లో చెప్పారు. మిగతా 28,000 వాచీకి కట్టి, తక్కిన 18,000కు నెలకు 1,600 చొప్పున పన్నెండు వాయిదాలు పెట్టుకున్నారు; వాటిలో ఇంకా ఏడు ఉన్నాయి. ఇంట్లో చెప్పిన సొమ్ముతో బ్యాంకులో కుదువపెట్టిన బంగారం విడిపించి, మోటారు కుట్టు మిషను ఒకటి కొన్నారు. దాంతోపాటు కొందామనుకున్న ఓవర్‌లాక్ మిషను డబ్బు చాలక ఆగిపోయింది. భార్యకు తెలియని టిస్సో, సీకో రెండూ కళాశాల ల్యాబ్ బీరువాలోనే ఉంటాయి. పొద్దున్న వెళ్లగానే పెట్టుకుని సాయంత్రం తీసి దాస్తారు. ఈ మధ్య సీకో రోజుకు ఎనిమిది నిమిషాలు ముందుకు పోతోంది, అమ్మినవారు మోసం చేశారేమోనని ఆయన అనుమానం. ఇప్పుడు దుబాయ్‌లో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి, వాడిన ఒమేగా ఒకటి 1,80,000కు దొరుకుతోందనీ, చేతికి పెట్టుకుని తెచ్చేస్తాననీ, డబ్బు నిదానంగా ఇవ్వమనీ అంటున్నారు. 40 ఏళ్లు నిండేలోగా నాలుగు మంచి వాచీల చిన్న సేకరణ ఉండాలన్నది తన కోరిక అనీ, తన ఆదాయానికి అది తగని కోరికా అనీ, దుబాయ్ మాటకు సరేననవచ్చా అనీ, చీటీ సంగతి ఇంట్లో చెప్పాలా లేక డి.ఏ. (కరవు భత్యం) బకాయి వచ్చిందని చెప్పి ఆ 28,000 తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందా అనీ అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరాన్ని రెండోసారి చదువుతున్నప్పుడు నేను ఓవర్‌లాక్ మిషను దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. జాకెట్లు కుట్టేవారికి ఆ మిషను లేకపోతే అంచులు పోగులూడకుండా వేయించడానికి ప్రతి జాకెట్టూ ఇంకొకరి దగ్గరికి పంపాలి, దానికింతని ఇవ్వాలి, వాళ్లు ఇచ్చేదాకా ఆగాలి, పండుగల ముందు వచ్చే పనిలో కొంత వదులుకోవాలి. అంటే మీరు చీటీలో తగ్గించి చెప్పిన 28,000 ఒకసారి పోయి ఊరుకున్న సొమ్ము కాదు; అది ఆవిడ సంపాదనలోంచి ప్రతి నెలా కొంత కోసుకుంటూనే ఉంది. ఎందుకు కోత పడుతోందో ఆవిడకు తెలియదు, మీకు తెలుసు. మీ ప్రశ్నలన్నింటిలో దీనికే ముందు జవాబు చెప్పాలనిపించింది, ఎందుకంటే తక్కినవన్నీ దీనిమీద ఆధారపడి ఉన్నాయి.

కోరిక విషయానికి వస్తే, మంచి వాచీ మీద మనసు పడడం తప్పని నేను అనుకోను. 46,000 జీతగాడు పుస్తకాలు కొనుక్కోవచ్చు, వీణ కొనుక్కోవచ్చు, వాచీ కూడా కొనుక్కోవచ్చు. కానీ మీ ఉత్తరంలో ఒకే పేరుతో రెండు కోరికలున్నాయి. సీకో వెనక గాజులోంచి కనిపించే, వాచీ వేగాన్ని అదుపు చేసే బ్యాలెన్స్ చక్రం ఆడడాన్ని గురించి మీరు పదకొండు వరుసలు రాశారు. ల్యాబులో పిల్లలు వెళ్లిపోయాక దాన్ని తిరగేసి చూస్తూ కూర్చుంటానన్నారు. ఒమేగా గురించి రాసింది దాని ధర, తోడల్లుడి చెయ్యి, బంధువుల మాటలు. ఏ మోడలో కూడా రాయలేదు. మొదటిది యంత్రం మీద ప్రేమ, అది తక్కువ ఖర్చుతో చాలాకాలం తృప్తినిస్తుంది. రెండోది నలుగురిలో మన చెయ్యి కూడా చూడాలన్న ఆశ. ఆ ఆశ అందరికీ ఉంటుంది, దానికి మిమ్మల్ని నిందించను. కాకపోతే దాని ధర మీ చేతిలో ఉండదు. తోడల్లుడు రేపు ఇంకో వాచీ కొంటే మీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఇప్పుడు చీటీ సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

డి.ఏ. బకాయి పేరుతో డబ్బు ఇచ్చేయడమన్నది మీరే సూచించినది. దాంతో మిషను వస్తుంది, ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఆ 28,000 మీ దగ్గర ఇప్పుడు లేదు. చేబదులో, క్రెడిట్ కార్డో, ఇంకొక చీటీయో పట్టాలి. కార్డు మీద బాకీ మిగిలిపోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి నలభై శాతం దరిదాపుల్లో. పైగా ఒక అబద్ధాన్ని పూడ్చడానికి రెండోది, దాన్ని నిలబెట్టడానికి డి.ఏ. ఎప్పుడు ఎంత వచ్చిందో కల్పించిన లెక్క ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఉద్యోగుల కుటుంబాల్లో డి.ఏ. కబురు అందరికీ ఒకేసారి తెలుస్తుంది. మీ సహోద్యోగి భార్య ఎవరైనా మీ ఆవిడ దగ్గర జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన రోజున ఈ కథ నిలవదు. అన్నిటికీ మించి వాచీలు బీరువాలోనే ఉండిపోతాయి.

చెప్పేసి, టిస్సో అమ్మేయడం రెండో దారి. వాడిన క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌కు, పెట్టె, బిల్లు, వారంటీ కార్డు ఉన్నా, కొన్న ధరలో సగానికి కాస్త అటూ ఇటూగా వస్తుందని అనుకుని దిగండి. బట్టల కంపెనీల పేర్లున్న రెండింటికీ కలిపి నాలుగైదు వేలు వస్తే సంతోషించాలి. అవన్నీ కలిస్తే ఓవర్‌లాక్ మిషను ఖరీదుకు దగ్గరగా వస్తారు. మిగిలిన ఏడు వాయిదాలు, 11,200 రూపాయలు, లేని వాచీకి కట్టాలి. అది చేదుగానే ఉంటుంది. అయితే ఏడు నెలల తరవాత మీ మీద ఏ బరువూ ఉండదు.

చెప్పేసి, టిస్సో ఉంచుకుని, మిషను సొమ్మును నెలనెలా పక్కన పెట్టడం మూడో దారి. మీకు మిగిలే నాలుగు వేలల్లోంచి వాయిదా 1,600 పోతే, మిషను కోసం రెండు వేలకు మించి తీయలేరు. అలా పద్నాలుగు నెలలు పడుతుంది. అంతకాలం ఆవిడ జాకెట్లు బయటికి పంపుతూనే ఉంటారు, మీరు ఆ వాచీ పెట్టుకుని ఇంట్లో తిరుగుతూ ఉంటారు. ఆ దృశ్యాన్ని మీరు భరించగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఆవిడే 'ఉంచుకోండి' అంటే సరే. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావాలి, మీరు రప్పించకూడదు.

నా మొగ్గు రెండో దారి వైపు. కారణం నైతికం మాత్రమే కాదు. మీరు ప్రేమించే వాచీ సీకో. టిస్సో గురించి మీరు రాసిందంతా దాన్ని ఎలా కొన్నారో, ఎక్కడ దాచారో అన్నదే. ఏ దారి పట్టినా చెప్పేటప్పుడు లెక్కంతా ఒకేసారి చెప్పండి: చీటీలో వచ్చింది ఇంత, దాచింది ఇంత, వాయిదాలు ఇన్ని మిగిలాయి, సీకో కూడా ఉంది. సగం చెప్పి, మిగతా సగం రెండు నెలల తరవాత బయటపడితే మొదటి సగం చెప్పిన పుణ్యం కూడా దక్కదు. ఆవిడ కోప్పడవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఇకమీదట చీటీ పాటకు తానే వస్తానని అనవచ్చు. అనడానికి ఆవిడకు హక్కుంది, రానివ్వండి.

కాగితం మీద ఇంకొక లెక్క వేశాను. పెళ్లి టైటాన్ కాక, మూడేళ్లలో మీరు వాచీలకు పెట్టింది 1,11,500 రూపాయలు, ఇంకా కట్టని వాయిదాల అసలుతో కలిపి. నెలకు సుమారు 3,100. మీరు ఒకేసారి పెద్ద ఖర్చు చేశానని బాధపడుతున్నారు గానీ, మూడేళ్లుగా ప్రతి నెలా చేస్తూనే ఉన్నారు. ఆ సొమ్ముతోనే ఒక మంచి స్విస్ ఆటోమేటిక్, మీ సీకో, ఒక అసలైన హెచ్.ఎం.టి. వచ్చి ఉండేవి, పైన కాస్త మిగిలేది. కాబట్టి మీ ఆదాయానికి సేకరణ అసాధ్యమేమీ కాదు. ఎదురుచూపు భరించలేక మధ్యమధ్య కొన్న వాచీలే అసలు వాచీల సొమ్మును తినేశాయి. 24,500 పెట్టి కొన్న ఆ రెండు బట్టల కంపెనీ వాచీలను విప్పి చూస్తే, సాధారణంగా లోపల ఉండేది కొద్ది ఖరీదు క్వార్ట్జ్ యంత్రం, పైన మినరల్ గాజు. తక్కిన ధరంతా పేరుకే.

సీకో గురించి మీకొక మంచి కబురు. మిమ్మల్ని ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. ఆ వాచీలో ఉండే 4ఆర్36 యంత్రానికి రోజుకు 45 సెకన్లు ముందుకు గానీ 35 సెకన్లు వెనక్కి గానీ పోవడం తయారీదారు చెప్పిన పరిమితిలోనిదే. ఎనిమిది నిమిషాలంటే అది వేరే జబ్బు. ఉన్నట్టుండి ఒక ఆటోమేటిక్ అంతలా ముందుకు పరుగెత్తిందంటే మొదట అనుమానించవలసింది అయస్కాంతాన్ని. బ్యాలెన్స్ చక్రాన్ని ఆడించే, జుట్టు వెంట్రుకలాంటి హెయిర్‌స్ప్రింగ్‌కు అయస్కాంతత్వం పట్టుకుంటే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, చక్రం గబగబా ఆడుతుంది, వాచీ పరుగెడుతుంది. మీరు ఈ వాచీని రోజూ రాత్రి దాస్తున్నది ఫిజిక్స్ ల్యాబ్ బీరువాలో. దండాయస్కాంతాలు, గాల్వనోమీటర్లు, స్పీకర్ల పాత భాగాలు అదే అరలో ఉన్నాయేమో ఒకసారి చూడండి. పిల్లలకు రోజూ మీ చేతులతో తీసి ఇచ్చే వస్తువులే కదా, అందుకే మీకు అనుమానం రాలేదనుకుంటాను. వాచీని నెమ్మదిగా ఒక దిక్సూచి దగ్గరికి తెచ్చి చూస్తే ముల్లు కదలవచ్చు. ఇనుప భాగాల వల్ల కూడా కొద్దిగా కదులుతుంది కాబట్టి అది పూర్తి రుజువు కాదు. అయస్కాంతత్వం తీసే పరికరం (డీమాగ్నటైజర్) ఉన్న వాచీ మెకానిక్ దగ్గర అది నిమిషాల పని, పెద్ద ఖర్చు ఉండదు. ఆ బీరువాలోంచి బయట పెట్టి, అయస్కాంతత్వం తీయించేదాకా సర్వీసింగ్ అంటూ యంత్రం విప్పనివ్వకండి.

పైలట్ విషయంలో మాత్రం కబురు అంత మంచిది కాదు. జనం ఎరిగిన పైలట్ అంటే నల్లటి డయల్, తెల్లటి అంకెలు, చేత్తో కీ ఇచ్చే 17 జ్యువెల్స్ (ఇరుసుల దగ్గర అరుగుదల తగ్గించే రాళ్లు) యంత్రం. మెరిసే నారింజ రంగు డయల్, మీద 'హెచ్.ఎం.టి.' అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయని మీరు రాసినదాన్నిబట్టి అది మళ్లీ రంగు వేసిన డయల్ అయ్యే అవకాశమే ఎక్కువ. పాత వాచీల తుక్కులోంచి భాగాలు ఏరి, డయల్‌కు కొత్త రంగులు పూసి ఆన్‌లైన్‌లో అమ్మే ఇలాంటివాటికి సేకర్తలు 'ముంబై స్పెషల్' అని పేరు పెట్టారు. హెచ్.ఎం.టి., ఫావర్-లూబా, పాత సీకో 5, సిటిజెన్ వాచీలు ఇలా బోలెడు తిరుగుతున్నాయి. డయల్ కొత్తదానిలా తళతళలాడుతూ కేసు మాత్రం అరిగిపోయి ఉండడం, అక్షరాల అంచులు మసకగా ఉండడం, ముళ్ల పొడవు గీతలకు సరిపోకపోవడం, అమ్మేవారు వెనక మూత తీసిన ఫోటో పంపకపోవడం, ఇవి గుర్తులు. అది తిరుగుతున్నంతకాలం పెట్టుకోండి, తప్పేం లేదు. మీ సేకరణలో మాత్రం లెక్క వేయకండి.

అసలైన పైలట్ మీ అన్నగారి సొరుగులో ఉంది. జపాను సిటిజెన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలై, 2016లో మూతపడాలని కేంద్రం నిర్ణయించేదాకా నడిచిన హెచ్.ఎం.టి. వాచీల విభాగం తయారుచేసినవి మన ఇళ్లలో ఇంకా లక్షలుగా ఉన్నాయి. విడిభాగాలు దొరుకుతాయి, ఆ యంత్రం చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. అన్నగారిని అడిగితే ఆయన ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. 'నాకివ్వు' అని కాకుండా 'బాగుచేయించి తెస్తాను, పెట్టుకునేవాళ్లు మనిద్దరిలో ఎవరైనా సరే' అని అడిగితే తండ్రి వస్తువు మీద పోటీలా ఉండదు. ఇవ్వకపోతే నమ్మకమైన మెకానిక్ దగ్గర ఒక మంచి జనతా (హెచ్.ఎం.టి.లోనే చేత్తో కీ ఇచ్చే ఇంకో మోడల్) దొరికేదాకా ఆగండి. ఆరు నెలలు పట్టినా నష్టం లేదు.

సేకరణ సంగతి చెప్పే ముందు ఖర్చు గురించి ఒక మాట. మెకానికల్ వాచీ కొనడంతో ఖర్చు అయిపోదు. లోపలి నూనెలు ఎండుతాయి, నీరు రాకుండా ఆపే రబ్బరు వలయాలు గట్టిపడతాయి. అయిదారేళ్లకొకసారి విప్పి శుభ్రం చేయించాలి. హెచ్.ఎం.టి.కి అది వందల్లో తేలుతుంది, సీకోకు కొన్ని వేలు, స్విస్ ఆటోమేటిక్‌కు కంపెనీ సర్వీసు కేంద్రంలో అంతకు ఇంకా పైన, ఒమేగా స్థాయికి పదుల వేలు. నాలుగు వాచీల సేకరణకు ఏడాదికి సగటున నాలుగైదు వేలు సర్వీసు నిధిగా అనుకోవాలి. మీ నెలవారీ మిగులుతో మోయగలిగింది అంతే. అందుకే మీరు అనుకున్న నాలుగు సంఖ్య నాకు నచ్చింది. ఏడు మీకు ఎక్కువ.

మిషను ఇంటికి వచ్చి, టిస్సో వాయిదాలు అయిపోయాక, మీరిద్దరూ ఒప్పుకుంటే నెలకు రెండు వేలు వాచీల కోసం రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆవిడ తన ఇష్టానికి అంత తీసుకుంటానంటే ఆ సంఖ్య పదిహేను వందలకో వెయ్యికో తగ్గవచ్చు. అప్పుడు కాలం పెరుగుతుంది, అంతే. ఆ నాలుగింటిలో మూడు గట్టి స్తంభాలు దాదాపు మీ చేతికి అందినట్టే. అంకెలతో చూపించే జీ-షాక్‌కు అయస్కాంతాలతో పేచీ లేదు కాబట్టి ల్యాబులో పెట్టుకోవలసింది అదే. అయస్కాంతత్వం తీయించిన సీకో మీ రోజువారీ ఆటోమేటిక్. నాన్నగారి పైలట్టో, ఒక జనతాయో మూడోది. నాలుగో స్థానం ఖాళీగా ఉంచండి. దానికి మూడేళ్లు పడుతుంది, మీకు సరిగ్గా నలభై దాటుతాయి. నెలకు రెండు వేలైతే మూడేళ్లలో 72,000, పైన కొంత వడ్డీ. ఆ పరిధికి దగ్గర్లో టిస్సో పీఆర్ఎక్స్ పవర్‌మాటిక్ 80 అనే ఆటోమేటిక్ ఉంది. లోపలి స్ప్రింగు ఒకసారి పూర్తిగా చుట్టుకుంటే 80 గంటలు నడుస్తుంది, శుక్రవారం సాయంత్రం తీసి పెట్టినా సోమవారం పొద్దున్న తిరుగుతూనే ఉంటుంది. దాని వేగాన్ని ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపుతారు, ఊళ్లో మెకానిక్ సవరించడం కష్టం కాబట్టి కంపెనీ సర్వీసుకే వెళ్లాలి. చేత్తో కీ ఇవ్వడం మీకు ఇష్టమైతే హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ మెకానికల్ చూడండి. నాన్నగారి పైలట్‌ను చూస్తూ పెరిగినవారికి ఆ డయల్ ఎంత దగ్గరగా అనిపిస్తుందో షాపులో చేతికి పెట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. మూడేళ్లు ఆగితే ధర పెరిగిపోతుందేమోనన్న భయం కొంతవరకే నిజం. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్తా అనే యూరప్ దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతోంది. కంపెనీలు ధరలు పెంచుతూనే ఉంటాయి, స్విస్ ఫ్రాంకు బలపడవచ్చు, కాబట్టి చౌకవుతుందని చెప్పను. తొందరపడి అప్పు చేయవలసిన కారణం మాత్రం లేదు.

ఒమేగాయే కావాలనుకుంటే అది కూడా ఒక దారే, దాని లెక్క వేరు. నాలుగో వాచీ ఆలోచన మానుకుని నెలకు రెండు వేలు కదపకుండా దాచితే, వాడిన మంచి ఒమేగా ఒకటి నమ్మదగిన చోట కొనడానికి పదేళ్లు పట్టవచ్చు. మీకు యాభై దగ్గర పడతాయి, పాప కళాశాల చదువు అప్పుడే వస్తుంది. దానికోసం సీకోను అమ్ముకోవలసి రావచ్చు కూడా. ఎంతోమంది అలా ఒకే ఒక్క వాచీతో తృప్తిగా ఉన్నారు. ఆ దారి పట్టడానికి మీకు ఉండవలసిన కారణం ఒకటే: ఆ వాచీలోని యంత్రం గురించి కూడా మీరు పదకొండు వరుసలు రాయగలగడం. పెట్టుబడిగా మాత్రం ఏ వాచీనీ కొనకండి. 2022 మొదట్లో వాడిన ఖరీదైన వాచీల ధరలు ఆకాశానికెక్కి, ఆ తరవాత దిగిపోయినప్పుడు, అప్పు చేసి కొన్నవారికి ఆ నష్టం మీద వడ్డీ కూడా పడింది.

దుబాయ్ మాట దగ్గర నేను కాస్త గట్టిగానే చెప్పాలి. ఇంకొకరి కోసం కొన్న వాచీని చేతికి పెట్టుకున్నంత మాత్రాన అది ప్రయాణికుడి సొంత వాడకం వస్తువు అయిపోదు. మినహాయింపు పరిమితి దాటిన విలువకు విమానాశ్రయంలో ప్రకటించి సుంకం కట్టాలి. కట్టకుండా పట్టుబడితే 1962 కస్టమ్స్ చట్టం కింద వస్తువు పోవచ్చు, జరిమానా పడవచ్చు. ఆ చిక్కు పడేది మీమీద కాదు, మీ పెదనాన్నగారి అబ్బాయి మీద. సుంకం కట్టి తెస్తే 1,80,000 ధర అక్కడ నిలవదు. ఇది కాక, ఏ మోడలో, సీరియల్ నంబరు, వారంటీ కార్డు, చివరిసారి సర్వీసు చేసిన బిల్లు, వెనక మూత తీసిన ఫోటో, వేగం కొలిచే యంత్రం మీద చూపించిన అంకెలు, వీటిలో ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. ఆయన దగ్గర కూడా ఉండకపోవచ్చు. ఆయనకు వాచీల మీద మీకున్న శ్రద్ధ లేదు, మీమీద ప్రేమ ఉంది. 'నిదానంగా ఇవ్వు' అన్నది కూడా అప్పే, వడ్డీ లేని అప్పు. పెదనాన్నగారింటికి వెళ్లిన ప్రతిసారీ అది గుర్తొస్తూ ఉంటుంది. 'నీ మాటకు సంతోషం, ఇప్పుడు వద్దు' అని ఈ వారమే చెప్పేయండి, ఆయన అక్కడ అడ్వాన్సు ఇచ్చేయకముందే.

చిన్న విషయాలు రెండు. మీ ప్రాంతపు ఉక్కకు, చెమటకు తోలు పట్టీలు ఒక్క వేసవిలో పాడవుతాయి. స్టీలు గొలుసో, నైలాన్ పట్టీయో మేలు. డయల్ మీద 30 మీటర్లని ఉంటే చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులకు మాత్రమే అని అర్థం. దాంతో గోదావరి స్నానానికి దిగకండి.

పెళ్లి టైటాన్ ఆగిపోయి నాలుగేళ్లయిందని ఉత్తరం చివర రాశారు. చచ్చిన బ్యాటరీ లోపలే ఉంటే కారి యంత్రాన్ని తినేయవచ్చు. సీకోను మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే రోజునే దాన్నీ తీసుకెళ్లి, పాత బ్యాటరీ తీయించి కొత్తది వేయించండి. సీకోకు అయస్కాంతత్వం తీయించాక వారం రోజులు రోజూ ఒకే వేళకు ఎన్ని సెకన్ల తేడా వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. ముప్పై, నలభై సెకన్ల లోపు ఉంటే దానికి ఇప్పట్లో సర్వీసింగ్ అక్కర్లేదు. ఆ వారం రాత్రిళ్లు వాచీ ఇంట్లోనే ఉండాలి, ల్యాబులో ఉంటే ఆ లెక్కకు విలువ ఉండదు. కాబట్టి ఇంట్లో చెప్పడం అంతకుముందే జరగాలి.